కుదురైన పిల్ల

పిల్ల పాడైపోయిందని మా దగ్గర్నుంచి తీసుకుపోయారు. పిల్ల పాడవలేదు, బాగుపడుతోంది. ఈ ముక్క అప్పుడే చెప్పాను. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి నువ్వన్నదే నిజమన్నా నాకు ఒరిగేదేమీ లేదు.

నేను పేము కుర్చీలు అల్లేవాణ్ణి. చదువు ఊరి బడితో సరి. వీధివైపు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. మాకు పిల్లల్లేరు. ఎందుకు లేరని అడిగినవాళ్ళకి ఎప్పుడూ జవాబు చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో మా ఆవిడ చెల్లెలి ఇల్లు కాలిపోయింది. చెల్లెలు పిల్లని ఎత్తుకుని బయటికొచ్చి, ఎదురింటి మెట్టు మీద కూర్చోబెట్టి, మొగుడి కోసం మళ్ళీ లోపలికెళ్ళింది. ఇద్దరూ తిరిగి రాలేదు. వీధంతా బకెట్లతో పరుగులు పెడుతుంటే పిల్ల ఆ మెట్టు మీదే ఉంది. ఏడవలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. పొద్దువాలాక ఎవరో చూసి, "ఈ పిల్లెవర్రా?" అన్నారట. పిల్లకి అప్పటికి ఐదో ఏడు నడుస్తోంది.

తండ్రివైపు మిగిలింది మేనత్త ఒక్కతే. ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. పెద్దలు కూర్చుని మాట్లాడి, పిల్ల మీద హక్కు ఆమెదేనన్నారు. ఆమె మా ఇల్లంతా ఓసారి కలియజూసి మా ఆవిడతో అంది:

"హాస్టల్లో కొత్తగా చేరేవాళ్ళ హడావుడి వదినా ఇప్పుడు. వానలు వెలిసేదాకా మీ దగ్గర ఉంచండి. వచ్చి చూస్తాను. పెంపకం బాగుంటే ఇక్కడే ఉంటుంది, లేకపోతే నేను తీసుకెళ్తాను."

మా ఆవిడ సరేనని తలూపింది. నన్నడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి.

అంత కుదురైన పిల్లని నేనెక్కడా చూడలేదు. పీట మీద కూర్చోమంటే పీట మీదే ఉండేది, లెమ్మనేదాకా లేచేది కాదు. పెట్టింది తినేది. పోసుకోమంటే స్నానం, పడుకోమంటే పడక. ఇదివ్వు, అదివ్వు అన్న మాటే లేదు. పలకరిస్తే చక్కగా జవాబు చెప్పేది. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ రోజూ వచ్చి దిష్టి కొట్టేటట్టు చూసేది.

"ఏం పిల్లండీ బాబూ, బొమ్మే! మా ఇంట్లో కోతిమూకని మీకు పడేస్తాను, దీన్ని నాకిచ్చేయండి."

నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

"ఏమే, ఆవిడ పొగిడితే నీకేమైంది?"

"నిన్న పాలల్లో పంచదార అనుకుని ఉప్పు వేశాను" అంది మా ఆవిడ. "గ్లాసు కడిగేటప్పుడు అడుగున రుచి చూస్తే తెలిసింది. అది మొత్తం తాగేసింది. ఎలా ఉన్నాయే అంటే బాగున్నాయి పెద్దమ్మా అంది."

"భయపడి ఉంటుంది."

"నన్ను చూసి ఎవరైనా భయపడతారా? మీరే భయపడరు."

మాకు వానాకాలమే పని. ఎండల్లో పేము పెళుసెక్కి పుటుక్కుమంటుంది. వానల్లో గాలికే తడి ఉంటుంది, తొట్టెలో నానేసిన పేము బద్ద చెప్పినట్టు వింటుంది. ఆ రోజుల్లో ఒక వకీలుగారి ఊగే కుర్చీ ఒప్పుకున్నాను. వీపు వైపు అల్లేటప్పుడు బద్ద కొస బిగువుగా పట్టుకునే మనిషి కావాలి. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి కొస చేతికిచ్చాను.

"వదలకు."

"వదలను పెదనాన్నా."

నిజంగానే వదల్లేదు. ఎంత లాగినా ఆ చెయ్యి కదల్లేదు. ఇంత మంచి పనివాడు నాకెప్పుడూ దొరకలేదని ఆ పూట ఇద్దరు ముగ్గురితో గొప్పగా చెప్పాను కూడా. ఇంతలో వకీలుగారి మనిషి వచ్చి, ఇంకో బల్ల ఉంది, వచ్చి చూడమన్నాడు. వెళ్ళాను. అక్కడ మాటల్లో పడ్డాను. పని మాట్లాడేటప్పుడు మగవాడు ఇల్లు మర్చిపోతాడు, అందులో వింతేమీ లేదు. మా ఆవిడ బజారుకెళ్ళింది. నేను తిరిగొచ్చేసరికి వీధిలో అందరి భోజనాలూ అయిపోయాయి.

పిల్ల స్టూలు మీదే ఉంది. కొస చేతిలోనే ఉంది. బద్ద ఎండి వేళ్ళలోకి దిగింది. గౌను తడిసి స్టూలు కింద మడుగు కట్టింది.

"వదల్లేదు పెదనాన్నా" అంది.

వేళ్ళు వాటంతటవి రాలేదు. ఒక్కొక్కటీ నేనే విప్పాను.

మా ఆవిడ వచ్చి చూసింది. పిల్లని కడిగి, బట్టలు మార్చి, వేళ్ళకి వెన్న రాసి, అప్పుడు నా దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు.

"మీకు మనిషి కావాలా, మేకు కావాలా?"

మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ గదినిండా బొమ్మలు. పిల్లని వాటి మధ్య కూర్చోబెట్టారు. ఆమె మాతో మాట్లాడినంతసేపూ పిల్ల ఒక్కటీ ముట్టుకోలేదు. చివరికి డాక్టరమ్మ "ఆడుకోవచ్చమ్మా" అంది. పిల్ల దగ్గర్లో ఉన్నదాని మీద ఒక వేలు ఆనించింది. అలాగే ఉంచింది.

"చూశారా, ఎంత బుద్ధిమంతురాలో" అన్నాను.

"బుద్ధి కాదండీ అది. భయం" అంది డాక్టరమ్మ. "కదిలితే ఏదో అయిపోతుందని అనుకుంటోంది."

"మందు రాయండి మరి."

"రాయడానికి మందు లేదు. బయటికెళ్తే చెప్పి వెళ్ళండి. ఎప్పుడొస్తానన్నారో అప్పటికి రండి. ఏ గౌను, ఏ గ్లాసు, ఏ పక్క పడుకోవాలి, ఇలాంటివి దాన్నే తేల్చుకోనివ్వండి. అమ్మ ఊరెళ్ళిందని మాత్రం అబద్ధం చెప్పకండి. చిన్న మాటల్లో నిజమే చెప్పండి. కుదురుగా కూర్చుందని మెచ్చుకోకండి."

"ఎన్నాళ్ళకి కుదుటపడుతుంది?" అంది మా ఆవిడ.

"అది నేను చెప్పలేనమ్మా. కానీ ఒకరోజు కాదంటుంది. విసిరికొడుతుంది, కరుస్తుంది. ఆరోజు కొట్టకండి. వచ్చి నాకు చెప్పండి, సంతోషిస్తాను."

మెట్లు దిగుతూ నేనన్నాను: "పిల్ల చెడిపోతే సంతోషించే డాక్టరుని ఇక్కడే చూస్తున్నాను."

"మీరు నోర్మూసుకుని గొడుగు సరిగ్గా పట్టండి. అది తడుస్తోంది" అంది మా ఆవిడ.

ఆ రోజునుంచీ మా ఇల్లు కోర్టయిపోయింది. ప్రతిదానికీ విచారణే. "ఎర్ర గ్లాసా, పచ్చ గ్లాసా?" "నీ ఇష్టం పెద్దమ్మా." "నా ఇష్టం కాదే, నీ ఇష్టం." పిల్ల రెండు గ్లాసుల్నీ చూసేది, మా ఆవిడ మొహం చూసేది, అందులో జవాబేమైనా రాసుందేమోనని వెతికేది. పాలు చల్లారిపోయేవి. మా ఆవిడ మళ్ళీ వేడిచేసి మళ్ళీ అడిగేది. ఆ ఓపికలో పదోవంతు నా మీద చూపించి ఉంటే నేనింకో రకం మనిషినయ్యేవాణ్ణి.

నా వంతు, చెప్పి వెళ్ళడం. గడియారం చూడడం పిల్లకి రాదు. అందుకని తొట్టెలో బద్దలు వేసి, "ఇవి మెత్తబడేలోగా వస్తాను" అనేవాణ్ణి.

"అప్పటిదాకా నేనెక్కడ కూర్చోను పెదనాన్నా?"

"నీ ఇష్టం వచ్చినచోట."

"నా ఇష్టం ఎక్కడ?"

తొట్టె పక్కన గోనె పరిచి, "పోనీ ఇక్కడుండు. విసుగొస్తే లేచిపో" అన్నాను. లేచేది కాదు. కానీ నేనొచ్చేసరికి చేతులు తడిగా ఉండేవి. నీళ్ళలో చెయ్యిపెట్టి బద్దల్ని నొక్కి చూసుకునేదన్నమాట. వేరేవాళ్ళు చెప్పకుండా అది చేసిన మొదటి పని అదే.

నేను మాట తప్పలేదు. ఒకసారి వకీలుగారు ఇంకా మాట్లాడుతుండగానే లేచి వచ్చేశాను.

"ఏమయ్యా, ఇంటి దగ్గర పాలు పొంగుతున్నాయా?" అన్నాడు ఆయన.

"పేము నానుతోంది" అన్నాను.

వానలు ముదిరాక ఒకరోజు ఊరి బయట మరమ్మతు పనికెళ్ళి వస్తుంటే దారి మునిగిపోయింది. చుట్టూ తిరిగి, మోకాళ్ళలోతు నీళ్ళలో నడిచి ఇల్లు చేరేసరికి బాగా ఆలస్యమైంది. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. మా ఆవిడ వెనకాలే ఉంది. పిల్ల చేతిలో ఒక బద్ద తడిపిన దారంలా వేలాడుతోంది.

"మెత్తబడిపోయింది" అంది.

"దారి మునిగిందమ్మా."

"మెత్తబడిపోయింది. నువ్వు రాలేదు."

"వచ్చానుగా."

"ఆలస్యంగా వచ్చావు!" పిల్ల గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. "అమ్మ కూర్చోమంది. కూర్చున్నాను. కదలొద్దంది. నేను కదల్లేదు! అయినా రాలేదు!"

తొట్టెని రెండు చేతులా లాగి వీధిలోకి బోర్లించింది. మంచి పేము, వేరు చేసి పెట్టుకున్నది, అంతా వాననీటిలో పడి కొట్టుకుపోయింది. అంతటితో ఆగలేదు. నా మోకాలి మీద తన్నింది. మళ్ళీ తన్నింది. ఆ తర్వాత ఏడ్చింది. మా ఇంటికొచ్చాక అదే మొదటిసారి.

నేను కదలకుండా నిలబడ్డాను. తన్నడం అయ్యాక వీధిలోకి దిగి దొరికిన బద్దలు ఏరుకున్నాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు ఇవతలికి రాలేదు.

ఇంక చూడండి. మర్నాడు పొద్దున్నే "ఎర్రది వద్దు, ఛీ, పచ్చదే కావాలి" అంది. మా ఆవిడ ఆ పచ్చ గ్లాసు పట్టుకొచ్చి బహుమతి గెలిచినట్టు నాకు చూపించింది. ఆ వారంలో స్నానం వద్దంది. అన్నం వద్దంది. చెప్పులు బావిలో వేసింది. ఎదురింటావిడ కొడుకుని భుజం మీద కరిచింది. ఆవిడ వాణ్ణి ఈడ్చుకొచ్చి పళ్ళగాట్లు చూపించింది.

"బొమ్మనుకున్నానండీ. తేలు! గారాబం చేసి నెత్తికెక్కించుకున్నారు."

"మార్చుకుందామని నువ్వే అడిగావుగా. తీసుకుపో" అన్నాను.

వకీలుగారి కుర్చీ పూర్తయిన రోజున పిల్ల కత్తెర తెచ్చి దాని వీపు నిట్టనిలువునా కత్తిరించింది. ఎందుకు చేశావంటే "కర్రకర్రమని చప్పుడు బాగుంది" అంది. అగ్గిమీద గుగ్గిలమయ్యాను. చెయ్యెత్తాను. మా ఆవిడ మధ్యలోకి రాలేదు. ఉన్నచోటే ఉండి అంది:

"కొట్టండి. కొడితే మళ్ళీ మంచిపిల్ల అయిపోతుంది. అదేగా మీక్కావాలి?"

చెయ్యి దించాను. వీపంతా విప్పి మళ్ళీ మొదటినుంచీ అల్లాను. పిల్ల పక్కన కూర్చుని ఇలాక్కాదు, అలా అంటూ నాకు పని నేర్పింది. విసుగొచ్చినప్పుడు లేచిపోయింది. డాక్టరమ్మకి సంగతి చెబితే, కత్తెర మాత్రం అందకుండా పెట్టమని చెప్పి పెద్దగా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను పెళ్ళయిన కొత్తలో విన్నాను, మళ్ళీ అప్పుడే.

వానలు వెలిశాక మేనత్త వచ్చింది.

అడుగుపెడుతూనే "రామ్మా, అత్తకి నమస్కారం పెట్టు" అంది.

"పెట్టను" అంది పిల్ల.

"అలా అనకూడదు. మంచిపిల్లలు పెడతారు."

"నేను మంచిదాన్ని కాదు. నువ్వు ఫో!"

మంచినీళ్ళ గ్లాసు గోడకేసి కొట్టింది. నీళ్ళు ఆమె చీర మీద పడ్డాయి. ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆ తర్వాత పిలవకుండానే వచ్చి కరిచిన సంగతి, చెప్పుల సంగతి వరసగా అప్పజెప్పింది.

"మీకిచ్చినప్పుడు ముత్యంలా ఉంది వదినా" అంది మేనత్త. "ఏం చేశారు దీన్ని?"

"అప్పుడు బతికున్న పిల్లలా లేదు. ఇప్పుడుంది" అంది మా ఆవిడ. "ఇంకొన్నాళ్ళు ఆగు. డాక్టరమ్మ ఇలాగే అవుతుందంది. కావాలంటే పద, ఆమెనే అడుగు."

"డాక్టర్లు వెయ్యి చెబుతారు. నా కళ్ళకి కనపడుతోందిగా. నా చేతుల మీదుగా ఎంతమంది ఆడపిల్లలు పెరిగారు! మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నయ్యగారూ?"

"తడిపితే ఎంత ముదురు పేమైనా వంగుతుంది" అన్నాను. "పొడిగా వంచబోతేనే విరుగుతుంది."

"పిల్లలు కుర్చీలు కారు."

ఆ మాటొక్కటీ సరైనదే. నేను నోరు మూసుకున్నాను. మా ఆవిడ మూసుకోలేదు. బతిమాలింది. ఆమె ఎవర్నీ బతిమాలడం అంతకుముందు చూడలేదు. నన్ను కూడా ఎప్పుడూ బతిమాలలేదు. మేనత్తకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"మా తమ్ముడి గుర్తుగా నాకు మిగిలింది ఇదొక్కటే వదినా. దీన్ని పాడవనివ్వను."

ఆమె ఏడుపు నిజమైనదే. నిజంగా ఏడ్చి చేసినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు.

మా ఆవిడ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "అత్త నిన్ను తీసుకెళ్తోంది. నేను వద్దన్నాను. వినలేదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. కోపమొస్తే అరిచెయ్యి" అంది.

పిల్ల అరిచింది. వీధి పొడుగునా "రాను! రానంటే రాను! పెద్దమ్మా!" అని ఒకటే కేకలు. మేనత్త చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. సంచీ నేను మోశాను. మా ఆవిడ గుమ్మం దాటలేదు. దాటితే పిల్లని వదలనని ఆమెకి తెలుసు. మలుపు తిరిగేచోట పిల్ల చెప్పు జారిపోతే తీసి సంచీలో పడేశాను.

బస్సు సిద్ధంగా ఉంది. మేనత్త పిల్లని ఎక్కించి కిటికీ పక్క సీట్లోకి నెట్టింది. పిల్ల కడ్డీ పట్టుకుని తలుపువైపు తిరిగి గొంతు చించుకుంటోంది. జనం తొంగి చూస్తున్నారు. కండక్టరు విసుక్కున్నాడు. మేనత్త వంగింది. కోపంగా కూడా కాదు, నెమ్మదిగా, ముద్దుగానే అంది:

"కూర్చో. కదలకు. మంచిపిల్లవి కదూ."

పిల్ల కూర్చుంది.

కేక సగంలో తెగిపోయింది. కడ్డీ వదిలేసి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. నేను కిటికీ దగ్గరికెళ్ళి పిలిచాను. తల తిప్పలేదు. ఎదుటి సీటు వీపునే చూస్తోంది.

"చూశారా అన్నయ్యగారూ" అంది మేనత్త. "పిల్ల మంచిదే. చెప్పేవాళ్ళు చెప్పాలంతే."

బస్సు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"మలుపుదాకా వినపడింది. ఆ తర్వాత?"

"అరుస్తూనే ఉంది."

"బస్సెక్కాక?"

"బస్సెక్కాక ఇంకా ఎక్కువైంది. కండక్టర్ని తన్నింది."

"నిజంగా?"

"వాడి టోపీ కింద పడింది. బస్సు కదిలాక కూడా దాని గొంతు వినపడుతూనే ఉంది."

మా ఆవిడ నవ్వింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ నవ్వింది. "అయితే పర్లేదు. ఇంక దాన్ని ఎవ్వరూ ఏమీ చెయ్యలేరు" అంది.

తర్వాత ఆమెకి జబ్బు చేసింది. మంచం మీద ఉన్న రోజుల్లో "ఆ టోపీ సంగతి చెప్పండి" అని అడిగేది. అడిగినప్పుడల్లా చెప్పాను. చెప్పినప్పుడల్లా కొంచెం కలిపాను. చివరికి ఆ కథలో డ్రైవరు కూడా దండం పెట్టాడు. ఆమె దాన్ని నమ్మే పోయింది. నేను చెప్పింది అబద్ధం. తప్పు కాదు. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్ళతో నాకు మాటల్లేవు.

మేనత్త అప్పుడప్పుడూ కబురంపుతుంది. పిల్ల చదువులో ముందుంటుందట. ఎదురుమాట చెప్పదట. ఎంతసేపైనా కూర్చున్నచోటు నుంచి కదలదట. ఆ కబురు తెచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వను.

బస్సులో జరిగింది మా ఆవిడకే చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను, అయిపోయింది. ఇంక ఆ పిల్ల మాట నేనెత్తను. నా గుమ్మంలో ఎవర్నీ ఎత్తనివ్వను.